బ్రహ్మకమలాన్ని గింజ నుంచి పెంచడం: గోదావరి డెల్టా వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కడియం దగ్గర మాదొక చిన్న నర్సరీ. ఎకరం కూడా ఉండదు. శ్రావణం వచ్చిందంటే చాలు, "బ్రహ్మకమలం గింజలున్నాయా అండీ" అని అడిగేవాళ్లు మొదలవుతారు. కాకినాడ నుంచి, అమలాపురం నుంచి, నరసాపురం నుంచి, ఫోన్లోనూ గేటు దగ్గరా అదే మాట. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఒక్క ముక్క ముందే చెప్పేస్తాను. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం గింజని మన డెల్టాలో మొలిపించవచ్చు, మొక్కని మాత్రం నిలబెట్టలేం. ఎందుకో తెలియాలంటే కింద చదవండి.

మా ఇంట్లో కుండీలో ఉన్నది బ్రహ్మకమలం కాదా?

పేరు అదే, మొక్క వేరు. మన డాబాల మీద రాత్రి 9 గంటలకి విచ్చుకుని తెల్లారేసరికి వాలిపోయే తెల్ల పువ్వు ఎపిఫిల్లం ఆక్సిపెటాలం. అదొక నాగజెముడు జాతి మొక్క. పుట్టిల్లు మెక్సికో, గ్వాటెమాలా వైపు అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. మనం ఆకు అనుకునేది నిజానికి చదునైన కాండం.

హిమాలయాల బ్రహ్మకమలం సాసూరియా ఆబ్వల్లాటా. ఇది చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది. సుమారు 3,000 నుంచి 4,800 మీటర్ల ఎత్తులో, చెట్లు కూడా పెరగని చోట, రాళ్ల మధ్య పచ్చికలో ఉంటుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం ఇదే. నేపాల్, భూటాన్, టిబెట్ వైపు కూడా ఉంది. కేదార్‌నాథ్, బద్రీనాథ్ గుళ్లలో స్వామికి పెట్టేది దీన్నే.

ఒక తమాషా ఏమిటంటే, ఈ రెండు మొక్కల్నీ శాస్త్ర గ్రంథాలకి ఎక్కించింది ఒకే మనిషి, జెనీవాకి చెందిన ఆగస్టిన్ పిరామస్ డి కాండోల్. పేర్లు తర్వాతి వాళ్లు కొంత మార్చారు. పాపం ఆయనకేం తెలుసు, మన తెలుగువాళ్లు రెండిటికీ కలిపి ఒకే పేరు పెట్టుకుంటారని!

అసలుది కూడా రాత్రి ఒక్కసారే పూస్తుందా?

లేదు. ఆ మాట మన కుండీ మొక్కది. కొండ బ్రహ్మకమలం జులై నుంచి సెప్టెంబరు దాకా, మంచి వానల్లో, పగటిపూటే పూసి రోజుల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. బయటికి కమలం రేకుల్లా కనిపించేవి రేకులు కావు. లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన పల్చటి పత్రాలవి, నూనె కాగితంలా ఉంటాయి. అసలు పువ్వులు లోపల ముద్దగా, ఊదారంగులో ఉంటాయి. ఆ పత్రాలు చిన్న గాజు ఇల్లులా పనిచేస్తాయి. లోపలికి వెలుతురు రానిస్తాయి, వెచ్చదనాన్ని పట్టి ఉంచుతాయి, పుప్పొడి తడవకుండా చూస్తాయి. చలికి వణికే తుమ్మెద ఆ గూట్లో దూరి పుప్పొడి పట్టుకుపోతుంది. మనం నారుమడి మీద ప్లాస్టిక్ కప్పు వేసినట్టు అది తన పువ్వు మీద తానే కప్పు వేసుకుంటుంది.

గింజ ఎలా ఉంటుంది?

మీ గట్టు మీద గడ్డిచామంతి ఉందా? దాని ఎండిన పువ్వుని ఊదితే కుచ్చు కట్టుకుని గాల్లో తేలిపోయే గింజ ఉంటుంది చూడండి, ఆ పోలికే. సన్నగా, పొడవుగా, గోధుమరంగులో ఉండి ఒక చివర వెంట్రుకల కుచ్చు ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం కదా. సెప్టెంబరు చివర, అక్టోబరులో ముదిరి గాలికి కొట్టుకుపోతుంది.

ఈ కుటుంబంలో తాలు గింజలు ఎక్కువ. పైకి నిండుగానే కనిపిస్తుంది, లోపల పప్పు ఉండదు. వడ్లయితే నీళ్లలో వేసి తేలినవి తీసేస్తాం. ఇక్కడ కుచ్చు వల్ల మంచిది కూడా తేలుతుంది కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. గోటితో మెల్లగా నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే పప్పున్నట్టు, చప్పబడి వంగితే తాలు.

అంతర్జాలంలో 10 గింజలు ఇంత అని అమ్ముతున్నారు. కొనవచ్చా?

నేనూ కొన్నాను, సిగ్గుపడకుండా చెప్తాను. ప్యాకెట్ మీద కొండ బ్రహ్మకమలం బొమ్మ, లోపల నల్లగా, గుండ్రంగా, ఆవగింజలో సగం ఉన్న గింజలు. అప్పుడే అనుమానం రావాలి. ఆశ కదా, వేశాను. మూడో రోజుకే ఒత్తుగా మొలిచింది. మంచులో ఆరు నెలలు పడుకోవడానికి పుట్టిన గింజ మన ఎండలో మూడో రోజుకి మొలుస్తుందా? నెల తిరిగేసరికి చక్కటి తోటకూర. పప్పులో వేసుకుని తిన్నాం.

నీలం, ఎరుపు, ఏడు రంగుల బ్రహ్మకమలం గింజలని బొమ్మ పెట్టారంటే ఇంక ఆలోచించక్కర్లేదు. అలాంటి రంగులు ఏ బ్రహ్మకమలానికీ లేవు.

చార్‌ధామ్ వెళ్తున్నాం. గింజలు తెచ్చుకోవచ్చా?

ఈ మధ్య మనవైపు నుంచి బస్సులకి బస్సులే వెళ్తున్నారు కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువైంది. గుడి దగ్గర ప్రసాదంగా ఇచ్చే పువ్వులో గింజ ఉండదు. పూసినప్పుడు కోసేస్తారు, గింజ కట్టాలంటే ఇంకా ఒకటి రెండు నెలలు మొక్క మీదే ఉండాలి. ఇంటికి తెచ్చి ఎండబెట్టినా అందులోంచి మొలకెత్తే గింజ రాదు.

ఇక కొండ మీద మనమే కోసుకోవడం. ఉత్తరాఖండ్‌లో ఈ పువ్వులు పూసే పూల లోయ 1982 నుంచి జాతీయ పార్కు, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జాతీయ పార్కు లోపల ఏ మొక్కనైనా పీకడం, పువ్వో గింజో తీసుకుపోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ మొక్కకే చుట్టమైన కూఠ్ అనే మరో సాసూరియాని వేర్ల కోసం తవ్వి తవ్వి అంతరించిపోయే దశకి తెచ్చారు.

చట్టం సంగతి అలా ఉంచండి. పువ్వు కోస్తే ఆ ఏటి గింజ పోయినట్టే. వరి పొట్ట దశలో మేకలు మేసిన చేలో కోతకి ఏం మిగులుతుంది? యాత్రికులు పెరిగి, పువ్వుకి గిరాకీ పెరిగి, దారి పక్క మొక్కలన్నీ గింజ కట్టకముందే ఖాళీ అవుతుంటే కొత్త మొక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? చూసి, ఫోటో తీసుకుని రండి.

మరి మీకు గింజలు ఎలా దొరికాయి?

మా మేనల్లుడు సైన్యంలో ఉన్నాడు. కొన్నేళ్లు జోషీమఠ్ వైపు పనిచేశాడు. బద్రీనాథ్ పైన ఒక ఊళ్లో ఒకాయన పెరట్లో రాళ్ల మధ్య పెంచుకున్న మొక్కలున్నాయట. పువ్వు కోయకుండా గింజ కట్టనిచ్చి, వీడికి ఒక చిన్న కాగితం పొట్లం ఇచ్చాడు. విప్పి లెక్కపెడితే 14. అందులో 5 తాలు. మిగిలిన తొమ్మిదితో నా ప్రయోగం.

గింజని నేరుగా మట్టిలో వేస్తే ఎందుకు మొలవదు?

ఇది మన వరి రైతుకి చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేను. స్వర్ణ వరి రకం తెలుసు కదా, మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన ఎం.టి.యు. 7029. కోసిన వెంటనే ఆ వడ్లు నానబెట్టి మండె కడితే సరిగా మొలక రాదు. కొన్ని వారాలు నిద్రావస్థలో ఉంటుంది. తొందరగా కావాలంటే నత్రికామ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి ఆ నిద్ర చెడగొడతారు. ఎందుకా నిద్ర? సార్వా కోతల వేళకి తుఫాను పడుతుంది. పనలు నీళ్లలో నానుతాయి. నిద్ర లేని రకమైతే చేలోనే, కంకి మీదే మొలకలొచ్చేస్తాయి. నిద్ర ఉన్న రకం నాలుగు రోజులు ఓర్చుకుంటుంది.

కొండ మీద గింజదీ అదే తెలివి. అది రాలేది మంచు పడబోయే ముందు. తడి తగిలింది కదా అని వెంటనే మొలిస్తే లేత మొక్క వారంలో గడ్డకట్టి చస్తుంది. అందుకని "తడి చాలదు, చాలా వారాలు చలి చూశాకే లేస్తాను" అని పట్టుబడుతుంది. మంచు కింద ఆరేడు నెలలు తడిగా, చల్లగా పడుకుని, మంచు కరిగి నేల వెచ్చబడ్డాక కళ్లు తెరుస్తుంది. మన గింజకి భయం తుఫాను, దానికి భయం మంచు.

కాబట్టి మనం చేయాల్సింది ఆ గింజని మోసం చేయడమే. చలికాలం అయిపోయిందని నమ్మించాలి. అందుకు ఇంట్లో ఉన్న ఫ్రిజ్ చాలు.

ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి వివరంగా చెప్పండి.

కార్తీకమాసంలో మొదలుపెట్టండి, అప్పుడైతే సంక్రాంతికి బయటికి తీస్తారు. మన దగ్గర ఏడాది మొత్తంలో కాస్త చల్లగా ఉండేది ఆ నెలన్నరే.

గోదావరి ఇసుక ముతకది తీసుకోండి. జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు సార్లు కడిగి, పాత మూకుడులో వేయించండి, బూజు విత్తులు చస్తాయి. చల్లారాక తడపండి. పిడికిట్లో పిండితే నీటి చుక్క కారకూడదు, కానీ ముద్ద విడిపోకూడదు. ఆ ఇసుకలో గింజలు కలిపి చిన్న జిప్ కవర్లో పోసి, కొంచెం గాలి ఉంచి మూయండి. కవరు మీద తారీఖు రాయండి. ఫ్రిజ్‌లో కింద కూరగాయల అర పైన, చలి 3 నుంచి 5 డిగ్రీలు ఉండే చోట పెట్టండి. పైన ఫ్రీజర్లో మాత్రం వద్దు. తడి గింజ గడ్డకడితే లోపల పగిలిపోతుంది. "మంచులో ఉండేదే కదా" అని ఒకాయన ఫ్రీజర్లో పెట్టి నాకు ఫోన్ చేశారు. మంచు దుప్పటి కింద నేల సున్నా దగ్గర ఉంటుంది గానీ ఫ్రీజర్లోలా మైనస్ 18 ఉండదండీ.

ఇంట్లోవాళ్లకి చెప్పి పెట్టండి. మా ఆవిడ కుళ్లిన మిరపగింజలనుకుని ఆ కవరు చెత్తబుట్ట దాకా తీసుకెళ్లింది.

వారానికోసారి కవరు తెరిచి గాలి మార్చండి, బూజు వాసన వస్తే ఇసుక మార్చండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు. మధ్యలోనే ఏదైనా తెల్లటి వేరు కొన కనిపిస్తే ఆ గింజని వెంటనే తీసి మట్టిలో పెట్టేయాలి.

తర్వాత ప్రోట్రే, అంటే గుంటలు గుంటలుగా ఉండే నారు ట్రే. ముతక ఇసుక రెండు పాళ్లు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు. కోనసీమ పొట్టు చవకే గానీ ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లు కడగాల్సిందే. గింజని పూడ్చవద్దు. పైన పెట్టి వేలితో అదిమి, సన్నటి ఇసుక రవ్వంత చల్లండి, వెలుతురు తగలాలి. నీళ్లు పైనుంచి పోయకుండా ట్రేని పళ్లెంలో పెట్టి కిందనుంచి పీల్చుకోనివ్వండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, వెలుతురుగా ఉండే కిటికీ దగ్గర పెట్టాలి. 15 నుంచి 20 డిగ్రీలు దానికి హాయి.

జిబ్బరెల్లిక్ యాసిడ్ వాడితే ఫ్రిజ్ అవసరం ఉండదా?

అది మొక్కల హార్మోను, నిద్ర చెదరగొట్టడానికి పనికొస్తుంది. పొడిని నేరుగా నీళ్లలో వేస్తే కరగదు, ముందు కొన్ని చుక్కల స్పిరిట్‌లో కరిగించాలి. లీటరుకు 250 నుంచి 500 మిల్లీగ్రాముల ద్రావణంలో ఒక రోజు నానబెట్టడం ఇలాంటి గింజలకి మామూలుగా చేసేదే. నాకు నచ్చదు. బలవంతంగా లేపిన మొలక సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంది. చవకగా చలి దొరుకుతున్నప్పుడు మందెందుకు?

మీ తొమ్మిది గింజలు ఏమయ్యాయి?

నాలుగు మొలిచాయి. బయటికి తీసిన పదమూడో రోజున మొదటిది. రెండు చిన్న గుండ్రటి బీజదళాలు, ఆకుపచ్చ మీద కొంచెం ఎర్రజీర. చూసి పొంగిపోయాను, వీధిలో అందరికీ చూపించాను.

ఒకటి నారుకుళ్లుకి పోయింది. నేలని తాకే చోట కాండం నీరుపట్టి, సాయంత్రానికి వాలిపోయింది. వంగ, మిరప నారులో చూసేదే. మన గాలిలో తేమకి ఆ తెగులు ఎప్పుడూ పొంచి ఉంటుంది. రెండు శివరాత్రి దాకా ఉన్నాయి. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు కదా, చలితోపాటు అవీ వెళ్లిపోయాయి. నాలుగోది గట్టిది. దానికి రెండు అసలు ఆకులు వచ్చాయి. మధ్యాహ్నం తడిగుడ్డ కప్పిన మట్టికుండ పక్కన పెట్టాను, రాత్రి కూలర్ ముందు పెట్టాను. ఉగాది దాటి పది రోజులకి అదీ పోయింది. ఎండకి మాడలేదు, కుళ్లలేదు. రోజురోజుకీ చిక్కిపోయి ఆరిపోయింది.

నీడలో పెట్టి నీళ్లు పోస్తే కూడా ఎందుకు బతకదు?

పగటి ఎండ గురించే అందరూ టెన్షన్ పడతారు. ఎండకి షేడ్ నెట్ ఉంది. చంపేది రాత్రి.

మొక్క పగలు ఎండతో ఆహారం వండుకుంటుంది, రాత్రి ఊపిరి పీలుస్తూ అందులో కొంత ఖర్చు పెడుతుంది. చుట్టూ ఎంత వేడిగా ఉంటే ఆ ఖర్చు అంత ఎక్కువ. కొండ మీద వేసవి రాత్రి కూడా చలి కాబట్టి అక్కడ ఖర్చు తక్కువ, మిగిలింది దుంప వేరులో దాచుకుంటుంది. మన దగ్గర మే నెల రాత్రి కూడా 27, 28 డిగ్రీలు. పగలు సంపాదించిందంతా రాత్రికి ఖర్చయిపోయి, పైగా అప్పు. నా నాలుగో మొక్క అలాగే చిక్కిపోయింది.

పైగా దానికి ఏటా నెలల తరబడి మంచు కింద పూర్తి విశ్రాంతి కావాలి. మన చలికాలం దానికి చలికాలమే కాదు, జనవరి రాత్రి 18 డిగ్రీలంటే దానికి నడి వేసవి. గంగ మంచులో పుట్టిన నది గానీ, మన గోదారి త్ర్యంబకం దగ్గర వాన నీళ్లతో పుట్టిన నది. ఎగువన ఎక్కడికెళ్లినా మంచన్నది తగలదు.

మూడో కారణం మట్టి. కొండ మీద నీళ్లు పడ్డవి పడ్డట్టు రాళ్లలోంచి జారిపోతాయి. మన ఒండ్రు ఒకసారి తడిస్తే వారం వదలదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ, వెంటనే మృగశిర వాన, కింద జిగురుమట్టి. వేరు ఉడికిపోతుంది.

ఏసీ గదిలో పెట్టుకోవచ్చా?

ఏసీ 16 డిగ్రీల కంటే దిగదు, గదిలో వెలుతురు చాలదు, కరెంటు పోతే అంతే సంగతులు. లైట్లు బిగించిన చల్లటి పెట్టె తయారుచేసి ప్రయోగశాలలో పెంచవచ్చు. మనింట్లో ఆ కరెంటు బిల్లుతో ఏటా బద్రీనాథ్ వెళ్లి రావచ్చు.

కుండీలో ఐసు ముక్కలు వేస్తే?

వద్దండీ.

లంబసింగిలో, అరకులో పెరుగుతుందా?

లంబసింగిలో డిసెంబరులో గడ్డి మీద మంచు పేరుకుంటుంది నిజమే. కానీ అది వెయ్యి మీటర్ల ఎత్తు. మన రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద కొండలే 1,700 మీటర్లు దాటవు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని ఒక లెక్క. రాజమండ్రిలో 34 ఉన్న రోజున 4,000 మీటర్ల కొండ ఉందనుకుంటే దాని మీద 8 ఉంటుంది. లంబసింగిలో ఆ రోజు 27, 28. గింజ మొలిచి రెండు మూడు నెలలు ఎక్కువ బతుకుతుందేమో, వేసవి దాటదు.

మా అబ్బాయి ఉత్తరాఖండ్‌లో, బాగా ఎత్తున ఉంటున్నాడు. అక్కడ ఎలా వేయాలి?

అక్కడైతే ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, కొండే ఆ పని చేస్తుంది. పెంచినవాళ్ల దగ్గర గింజ తీసుకుని, అదే శరత్కాలంలో, తాజాగా ఉన్నప్పుడే చల్లాలి. ఇలాంటి కొండమొక్కల గింజలకి ఆయుష్షు తక్కువ. మామూలు గదిలో డబ్బాలో ఉంచితే ఏడాది తిరిగేసరికి మొలక బాగా పడిపోతుంది. నిలవ చేయాలంటే బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో సీసాలో మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

లోతైన కుండీ, అందులో సగానికి పైగా కంకర ఇసుక. గింజ చల్లి, పైన సన్నటి రాళ్లు పరిచి ఆరుబయట వదిలేయాలి. మీద మంచు పడనివ్వాలి, ఎలుకలు తవ్వకుండా జాలీ కప్పితే చాలు. మంచు కరిగాక మొలకలు వస్తాయి. రాని కుండీని పారబోయకూడదు, కొన్ని గింజలు రెండో చలికాలం చూశాకే లేస్తాయి. మొలిచిన ఏడాది కదపకుండా ఉంచి, మరుసటి ఏడు వేరు తెగకుండా మట్టిగడ్డతో సహా మార్చాలి. పువ్వుకి చాలా ఏళ్లు ఆగాలి, అప్పటిదాకా నేలకి అతుక్కున్న ఆకుల గుత్తే.

శ్రీనగర్ గఢ్వాల్‌లోని హేమవతీ నందన్ బహుగుణ విశ్వవిద్యాలయంలో ఎత్తైన కొండల మొక్కల మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటి ఉంది. తుంగనాథ్ దగ్గర వాళ్లకి తోట ఉంది. మీ అబ్బాయిని అక్కడ అడగమనండి, నాకంటే వాళ్లకి నూరు రెట్లు తెలుసు.

పోనీ మన కుండీ బ్రహ్మకమలం గింజ నుంచి వస్తుందా?

వస్తుంది గానీ గింజే రాదు. మన ఇళ్లలో ఉన్నవన్నీ ఒకరి దగ్గర నుంచి ఒకరు ఆకు తుంచుకుని నాటుకున్నవి. అంటే అన్నీ ఒకే మొక్క ముక్కలు. ఈ మొక్క తన పుప్పొడితో తాను కాయ కట్టదు, వేరే వంశం పుప్పొడి కావాలి. అందుకే మీ ఇంట్లో 20 పువ్వులు పూసినా ఒక్క కాయ రాదు. ఎవరి దగ్గరైనా రంగు పువ్వుల ఎపిఫిల్లం ఉంటే, రాత్రి పది పదకొండుకి దూదితో దాని పుప్పొడి తెచ్చి అద్ది చూడండి. అదృష్టముంటే కాయ కట్టి కొన్ని నెలలకి ఎర్రబడుతుంది. లోపల నల్లటి సన్నగింజలు. వాటికి చలి అక్కర్లేదు, కడిగి ఆరబెట్టి తడి ఇసుక మీద చల్లి గాజుమూత పెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. అయితే పువ్వు చూసేసరికి నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. వచ్చేది కూడా తల్లి పోలిక కాదు, సంకరం.

ఆకైతే రెండు మూడేళ్లకే పూస్తుంది. జానెడు ఆకు తుంచి, కోసిన చోట ఆరేదాకా నాలుగైదు రోజులు నీడలో పడేసి, సగం ఇసుక కలిపిన మట్టిలో రెండంగుళాలు లోపలికి గుచ్చండి. మొదటి వారం నీళ్లు పోయకండి. కుళ్లబెట్టేది మన అతిప్రేమే.

అయితే గింజ నుంచి పెంచి చూసుకోవడానికి మన నేలలో పుట్టిన అడవి పువ్వే లేదా?

ఎందుకు లేదు? తామర ఉంది. కొండ గింజకి చలి తాళమైతే, తామర గింజకి పెంకు తాళం. నీరు చొరబడని పెంకు అది. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన గింజ ఒకటి దాదాపు 1,300 ఏళ్ల నాటిది, పెంకు తీసి నీళ్లలో వేస్తే మొలిచింది. మన ఊరి చెరువులో వేసవికి తామర అంతా ఎండిపోయి, మళ్లీ నీళ్లు రాగానే ఎక్కడి నుంచో మొలుచుకొస్తుంది. దుంపతోపాటు అడుగున దాగిన గింజలు కూడా అందుకు కారణం.

ముదిరి నల్లబడిన కాయలోంచి గింజ తీయండి. బజార్లో తామర గింజలని అమ్మే తెల్లటి పేలాలు వద్దు. అది మఖానా, వేరే మొక్క, పైగా వేయించినది. గింజని ఆకురాయి మీద ఒక పక్క రుద్దండి. నల్లటి పెంకు అరిగి లోపలి లేత రంగు కనిపించగానే ఆపేయండి, పప్పుకి గాయం కాకూడదు. గ్లాసు నీళ్లలో వేసి రోజూ నీళ్లు మార్చండి. మర్నాటికి ఉబ్బుతుంది, వారంలోపు పచ్చటి మొలక కొక్కెంలా వంగి బయటికొస్తుంది. పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి తమాషా లేదు. మొలకకి నాలుగు ఆకులు, తెల్లటి వేళ్లు వచ్చాక తొట్టిలో నాటండి. అడుగున జానెడు ఒండ్రుమట్టి, పైన నీళ్లు, రోజంతా ఎండ. బ్రహ్మకమలాన్ని చంపిన ఒండ్రూ, ఎండా, వెచ్చటి రాత్రులూ దీనికి పుట్టింటి సారె.

గట్ల మీద, కంచెల మీద వానాకాలం ఎర్రగా, పసుపుగా మంటలా పూసే అడవి నాభి కూడా గింజతో వస్తుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం అదే. దానికి ఓపిక ఎక్కువ కావాలి, మొలకకే నెలలు పడుతుంది, మొదటి ఏడు నేలలో చిన్న దుంప మాత్రమే కడుతుంది. దుంప, గింజ రెండూ గట్టి విషం. పిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో వేయకండి.

ఇంతకీ మీ దగ్గర అసలు బ్రహ్మకమలం గింజలున్నాయా, లేవా?

లేవు. ఉన్నా అమ్మను. మేనల్లుడు ఈసారి సెలవుకి వస్తూ తెస్తానన్నాడు, వద్దన్నాను. ఆ ఊరి పెరట్లోనే రాలనిస్తే అక్కడే నాలుగు మొక్కలవుతాయి. కుండీ బ్రహ్మకమలం ఆకు కావాలంటే తొలకరి పడ్డాక సాయంత్రం పూట రండి. డబ్బులొద్దు, ఒక పాత కుండీ తెచ్చుకోండి చాలు. తామర గింజలు కార్తీకం తర్వాత ఉంటాయి, ఆకురాయి మీ ఇంట్లోదే వాడుకోండి.